అండమాన్ రాళ్ళ ముడతలు, ఇంద్రకీలాద్రి రాళ్ళ చారలు: రెండూ ఒకటేనా?

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. విజయవాడ భవానీపురం నుంచి ఒకరు సెలవుల్లో కుటుంబంతో అండమాన్ వెళ్ళారు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, కార్బిన్స్ కోవ్ బీచ్ పక్కన రాళ్ళు పొరలు పొరలుగా కనిపించాయట. కొన్ని ఏటవాలుగా, కొన్ని దాదాపు నిలువుగా, ఒకచోట పూర్తిగా మెలిక తిరిగి ఉన్నాయట. వెంట ఉన్న గైడ్ "అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి సార్ ఇది" అన్నాడట. ఇంటర్ చదివే వాళ్ళమ్మాయి మాత్రం "మన ఇంద్రకీలాద్రి రాళ్ళలో కూడా ఇలాంటి వంకర చారలే ఉన్నాయి కదా నాన్నా, అవీ ఇవీ ఒకటేనా? ఇంత చిన్న దీవిలో రాళ్ళు ఇంతలా ఎలా మడతపడ్డాయి?" అని అడిగిందట. అక్కడ తీసిన ఫొటోలు కూడా పెట్టి, ఈ రెండింటికీ జవాబు కావాలన్నారు.

సూటిగా చెప్పేస్తాను. గైడ్ చెప్పింది తప్పు. దక్షిణ అండమాన్ అగ్నిపర్వతం కాదు. సముద్రపు అడుగున పేరుకున్న ఇసుక, బురద రెండు భూపలకల (భూమి పైపొరలో కదిలే పెద్ద ముక్కల) మధ్య నలిగి, మడతపడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి నీటిపైకి లేచిన పర్వతపు పైభాగం అది. ఇక మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు: రెండుచోట్లా నొక్కుడు వల్లే రాళ్ళు వంగాయి. కానీ అండమాన్‌లో భూమి పైపొరల్లో, చల్లగా, ఇటీవలి కాలంలో వంగాయి. విజయవాడలో పాతిక కిలోమీటర్ల లోతున, విపరీతమైన వేడిలో, 160 కోట్ల ఏళ్ళ కిందట వంగాయి. ఇంటర్ చదివే పిల్ల ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను గుంటూరులో ఉంటాను. భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పిల్లల్ని కొండపల్లి, ఉండవల్లి, కొండవీడు కొండలకు తీసుకెళ్ళడం నా ఉద్యోగంలో భాగం. అండమాన్‌కు కూడా ఫీల్డ్ ట్రిప్పుల మీద తీసుకెళ్ళాను. కాబట్టి చాలావరకు కళ్ళతో చూసిన రాళ్ళ గురించే చెప్తున్నాను.

ముందు ఆ దీవి ఎక్కడుందో చూడాలి

"ఇంత చిన్న దీవి" అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. మనకు కనిపించే భూమి చిన్నది, పర్వతం చిన్నది కాదు. అండమాన్‌కు పడమర వైపు సముద్రం అడుగు సుమారు మూడు కిలోమీటర్ల లోతులో ఉంటుంది. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటే కార్బిన్స్ కోవ్‌లో మీరు నిలబడ్డ చోటు ఒక పెద్ద కొండ భుజం మీద ఉన్నట్టే. ఆ పర్వతం అండమాన్‌తో ఆగదు కూడా. ఉత్తరాన నాగా కొండలు, మయన్మార్‌లో అరకాన్ యోమా, అది సముద్రంలోకి దిగి అండమాన్, నికోబార్, ఆ తర్వాత సుమత్రాకు పడమరన ఉన్న సిమెలూ, నియాస్, మెంతవాయి దీవులు. ఇదంతా ఒకే పట్టీ. సముద్ర మట్టం అడ్డు రావడం వల్ల మనకు విడివిడి దీవుల్లా కనిపిస్తోంది, అంతే.

అన్ని దీవులూ ఇలా పుట్టవు. మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్న భవానీ ద్వీపం కృష్ణ తెచ్చిపోసిన ఇసుక, ఒండ్రుమట్టి. అక్కడ మడతల కోసం వెతికితే ఏమీ దొరకదు. దివిసీమ డెల్టా భూమి. లక్షద్వీప్ పగడపు దిబ్బలు. గైడ్ చెప్పినట్టు అగ్నిపర్వతం వల్ల పుట్టిన దీవి అండమాన్ సముద్రంలో ఉంది, పేరు బారెన్ ఐలాండ్. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరం. మన దేశంలో చురుగ్గా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతం అది. 1787లో పేలినట్టు నావికుల రాతలున్నాయి. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్ళీ మొదలైంది. నార్కొండం కూడా అగ్నిపర్వతమే, కానీ ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంది. గైడ్ ఈ రెండింటి కథ తెచ్చి అన్ని దీవులకూ అంటగట్టాడు. అయితే ఆ అగ్నిపర్వతాలకూ, మీరు చూసిన మడతలకూ కారణం మాత్రం ఒకటే. అది కింద చెప్తాను.

ఎవరు నొక్కుతున్నారు?

మనం కూర్చున్న భారత పలక ఈశాన్యంగా కదులుతోంది. హిమాలయాల దగ్గర ఖండానికి ఖండం ఢీకొంది. ఆ ఢీకొట్టడం సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట మొదలైంది. కానీ బంగాళాఖాతం కింద ఉన్నది ఖండం కాదు, సముద్రపు పలక. అది బరువైనది. అందుకే అండమాన్ దగ్గరకు వచ్చేసరికి ఎదురుగా ఉన్న బర్మా పలక కిందికి దూరిపోతోంది. దీన్నే సబ్‌డక్షన్ అంటారు. వేగం ఏడాదికి సుమారు 3 నుంచి 4 సెంటీమీటర్లు.

ఇప్పుడు అసలు విషయం. ఆ సముద్రపు పలక ఖాళీగా రావడం లేదు. దాని వీపు మీద గంగ, బ్రహ్మపుత్ర హిమాలయాల నుంచి కోట్ల ఏళ్ళుగా మోసుకొచ్చిన ఒండ్రు కిలోమీటర్ల మందాన ఉంది. బెంగాల్ ఫ్యాన్ అని పిలిచే ఆ మేట ప్రపంచంలో సముద్రం అడుగున ఉన్న ఒండ్రు మేటలన్నింటిలోకీ పెద్దది. పలక కిందికి దూరుతుంది కానీ, పైనున్న ఈ మెత్తటి సరుకంతా దాంతోపాటు దూరలేదు. కళ్ళంలో ఆరబోసిన ధాన్యాన్ని చెక్కతో తోస్తే చెక్క ముందు గుట్ట పడుతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. ఎదురుగా ఉన్న పలక అంచు ఆ ఒండ్రును గీకేస్తుంది. గీకిన సరుకు ముందు మడత పడుతుంది. మడత బిగుసుకుని ఇక వంగలేని స్థితికి వచ్చాక తెగుతుంది. తెగిన ముక్క పక్క ముక్క మీదికి ఎక్కుతుంది. దాని కిందికి ఇంకో కొత్త ముక్క వచ్చి చేరుతుంది. ఇలా కోట్ల ఏళ్ళు జరిగితే గుట్ట ఎత్తు పెరిగి నీటిపైకి తేలుతుంది. అదే అండమాన్.

కిందికి దూరిన పలక లోతుకు పోయేకొద్దీ దానిలోని నీరు బయటికొస్తుంది. ఆ నీరు పైనున్న మాంటిల్ రాయిని, అంటే భూమి పైపొర కింద ఉండే రాయిని, కరిగేలా చేస్తుంది. ఆ కరిగిన సరుకే తూర్పున బారెన్ ఐలాండ్‌గా బయటపడింది. మడతలు, అగ్నిపర్వతం ఒకే కదలిక వల్ల పుట్టినవే, కానీ ఒకదానిలోంచి ఒకటి పుట్టలేదు.

కార్బిన్స్ కోవ్‌లో మీరు చూసిందేమిటి?

ఆ పొరల రాళ్ళను అండమాన్ ఫ్లిష్ అంటారు. ఎక్కువ భాగం ఆలిగోసీన్ కాలానివి, అంటే సుమారు 3.4 కోట్ల నుంచి 2.3 కోట్ల ఏళ్ళ కిందటివి. బూడిద రంగు ఇసుకరాయి పొర, దాని మీద నల్లని షేల్ (బురద గట్టిపడిన రాయి) పొర, మళ్ళీ ఇసుకరాయి, మళ్ళీ షేల్, ఇలా వందల కొద్దీ. ఒక్కో ఇసుకరాయి పొర కొన్నిచోట్ల నాలుగు వేళ్ళ మందం, కొన్నిచోట్ల నడుమెత్తు.

ఈ వరస ఎలా వచ్చింది? సముద్రపు వాలు మీద పేరుకున్న ఇసుక, బురద ఏ భూకంపానికో కదిలి, నీటితో కలిసి చిక్కటి ప్రవాహంలా లోతుకు పరిగెత్తుతుంది. లోతట్టు చదును మీదికి చేరాక వేగం తగ్గుతుంది. ముందు ముతక ఇసుక కూర్చుంటుంది, తర్వాత సన్న ఇసుక, చివర్లో బురద. అంటే మీరు చూసిన ఒక్కొక్క ఇసుకరాయి పొరా కొన్ని గంటల్లోనో, కొన్ని రోజుల్లోనో పడినది. దాని మీద ఉన్న షేల్ పొర మాత్రం నిదానంగా, ఎన్నో ఏళ్ళపాటు పేరుకున్నది. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. అందరూ మందం ఎక్కువున్న పొరకే ఎక్కువ కాలం పట్టిందనుకుంటారు.

ఈ ఇసుక ఎక్కడిది అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో వాదన ఉంది. హిమాలయాల నుంచి బెంగాల్ ఫ్యాన్ మీదుగా వచ్చిందని కొందరంటారు. మయన్మార్ వైపు నుంచి వచ్చిన వాటా తక్కువేమీ కాదని కొందరంటారు. రేణువుల్లోని ఖనిజాల వయసులు చూస్తే రెండు వైపుల నుంచీ సరుకు కలిసిందనే వాదనే నాకు సబబుగా అనిపిస్తుంది.

ఇక మెలిక సంగతి. ఇసుకరాయి గట్టిది, షేల్ మెత్తనిది. పక్కల నుంచి నొక్కితే ఇసుకరాయి పొర తన మందం పెద్దగా పోగొట్టుకోకుండా వంగుతుంది. షేల్ మాత్రం వంపు పక్కల నుంచి పిండుకుపోయి, వంపు తిరిగే చోటుకు చేరుతుంది. మీరు పెట్టిన ఫొటోల్లో మొదటిది పెద్దది చేసి చూడండి. వంపు కొస దగ్గర నల్లరాయి ఎక్కువగా, పక్కల్లో తక్కువగా ఉంది కదా, అది ఇదే. పైకి వంగితే అపనతి, కిందికి వంగితే అభినతి అని ఇంటర్ పుస్తకంలో చదివే ఉంటుంది మీ అమ్మాయి.

కానీ ఇక్కడో జాగ్రత్త ఉంది, ఇది పుస్తకంలో ఒక వాక్యంతో దాటేస్తారు. వంపు పైకి ఉన్నంత మాత్రాన అది అపనతి అయిపోదు. ముందు పొర తలకిందులుగా ఉందో, సరిగ్గా ఉందో తెలియాలి. అండమాన్ లాంటి చోట ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కినప్పుడు కొన్ని పొరలు పూర్తిగా బోర్లాపడతాయి. ఎలా తెలుసుకోవాలి? రెండు గుర్తులున్నాయి. ఒకటి, ఇసుకరాయి పొరలో ముతక రేణువులు ఎటువైపుంటే అది అడుగు. వేలితో రాస్తే కూడా తెలుస్తుంది. రెండోది ఇంకా నమ్మకమైనది. ఇసుక పరిగెత్తుతూ కింద ఉన్న బురదను చెక్కుతుంది, ఆ గుంటల్లో ఇసుక నిండి అచ్చుపోసినట్టు ఉబ్బెత్తు గుర్తులు మిగులుతాయి. ఈ ఉబ్బులు ఇసుకరాయి అడుగు ముఖం మీదే ఉంటాయి. అవి ఆకాశం వైపు చూస్తున్నాయంటే పొర తిరగబడిందన్నమాట. పైగా ఉబ్బు మొండిగా ఉన్న వైపు నుంచి సన్నబడే వైపుకు ప్రవాహం సాగిందని కూడా చెప్పొచ్చు. కోట్ల ఏళ్ళ కిందటి నీరు ఎటు పారిందో ఒక రాయి అడుగు చూసి చెప్పగలగడం ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఒకసారి మా విద్యార్థుల్లో రెండు జట్లు ఒకే వంపును కొలిచి, ఒక జట్టు అపనతి అని, ఇంకో జట్టు అభినతి అని గీసుకొచ్చాయి. వాదన పెద్దదైంది. పోటు తగ్గాక అందరం మళ్ళీ వెళ్ళి పొరల అడుగు ముఖాలు వెతికాం. ఆకారం చూసి గీసిన జట్టు గీతలు చక్కగా ఉన్నాయి, కానీ పొరల పైవైపు ఏదో వాళ్ళు చూడలేదు. రెండో జట్టు చూసింది. ఆ రోజు నుంచి ఫీల్డ్ నోట్‌బుక్‌లో పైవైపు గుర్తు లేకుండా ఏ వంపుకూ పేరు పెట్టనిచ్చేవాణ్ణి కాదు.

పాతది పైన, కొత్తది కింద

మామూలుగా పొరల్లో కిందిది పాతది, పైది కొత్తది. అండమాన్‌లో పెద్ద ఎత్తున చూస్తే ఇది తిరగబడుతుంది. కొత్త ముక్కలు ఎప్పుడూ కింది నుంచీ, పడమటి నుంచీ వచ్చి చేరుతుంటాయి కదా, అందుకని పాత ముక్కలు పైకి, తూర్పుకి నెట్టబడతాయి. విరుగుళ్ళు, అంటే ముక్కలు తెగి జారిన చోట్లు, ఎక్కువగా తూర్పు వైపుకు వాలి ఉంటాయి. దీవి పొడవునా కొండల వరసలు ఉత్తర దక్షిణాలుగా సాగడానికి కారణం కూడా నొక్కుడు తూర్పు పడమరల దిశలో ఉండటమే.

అన్నింటికంటే పాతవి ఓఫియోలైట్ రాళ్ళు. ఇవి ఒకప్పటి సముద్రపు అడుగు, దాని కిందనున్న మాంటిల్ రాయితో సహా పైకొచ్చినవి. వయసు సుమారు 9.5 కోట్ల ఏళ్ళు. చిడియా టాపు, రట్లాండ్ దీవి, ఉత్తర అండమాన్‌లో సాడిల్ పీక్ వైపు ఈ రాళ్ళున్నాయి. సాడిల్ పీక్ 730 మీటర్లకు పైగా ఎత్తుతో ఆ దీవులన్నింటిలో ఎత్తైన శిఖరం. మీరు చిడియా టాపులో సూర్యాస్తమయం చూసి వచ్చేశారని రాశారు. మరోసారి వెళ్తే కాళ్ళ కింద ముదురాకుపచ్చగా, నున్నగా, జారుడుగా ఉండే రాయి కోసం చూడండి. సర్పెంటైన్ అంటారు. మాంటిల్ రాయిలోకి నీరు చేరితే అలా మారుతుంది. భూమి లోపలి పొరకు చెందిన రాయిని చేత్తో తాకే అవకాశం మనవాళ్ళకు తేలిగ్గా దొరికే చోటు అది.

ఓఫియోలైట్ తర్వాత మిఠాఖరి రాళ్ళు, ఇవి ఇయోసీన్ కాలానివి. ముతక ఇసుక, గులకరాళ్ళు, అగ్నిపర్వతపు తునకలు కలగలిసి ఉంటాయి. ఆ తర్వాత మీరు చూసిన ఫ్లిష్. అన్నిటికంటే కొత్తవి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ వైపు కనిపించే సున్నపురాళ్ళు, తెల్లని మట్టిరాళ్ళు. ఇవి మయోసీన్ కాలంలో మొదలయ్యాయి. హేవ్‌లాక్, నీల్ అన్న పాత పేర్లే చాలామందికి గుర్తు. అక్కడి పొరలు చాలావరకు కొద్దిగా మాత్రమే వంగి ఉంటాయి. ఎందుకంటే నలుగుడు ఎక్కువగా జరిగాక, ఆ గుట్ట మీద తర్వాత పేరుకున్నవి అవి.

బారాటాంగ్‌లో బురద అగ్నిపర్వతం అని చూపిస్తారు. అందులో లావా ఏమీ లేదు. ఇంత గుట్ట కింద నలిగే మట్టిలోని నీరు, గ్యాస్ బయటికి పోయే దారి వెతుక్కుంటాయి. పగులు దొరికిన చోట బురదను మోసుకుని పైకి వస్తాయి. నలుగుడు ఇంకా ఆగలేదని చెప్పడానికి అదే సాక్ష్యం.

ఈ పర్వతం ఇంకా పెరుగుతూనే ఉంది

2004 డిసెంబర్ 26 మనలో ఎవరం మరిచిపోలేం. ఆ రోజు సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున రెండు పలకల మధ్య బిగుసుకున్న చోటు జారింది. తీవ్రత 9 దాటింది. సునామీ మన మంగినపూడి దాకా వచ్చి ప్రాణాలు తీసింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి గుంటూరు, బెజవాడల్లో అందరి ఇళ్ళలోనూ టెన్షనే, బందరు వైపున్న చుట్టాలకు ఫోన్లే.

ఆ భూకంపంలో అండమాన్ నేల ఏమైందో చూడండి. పడమటి తీరం పైకి లేచింది. ఇంటర్వ్యూ దీవి, నార్త్ సెంటినెల్ వైపు పగడపు దిబ్బలు మీటరు, అంతకుమించి కూడా నీటిపైకి వచ్చి ఎండిపోయాయి. తూర్పున పోర్ట్ బ్లెయిర్ మాత్రం సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా దిగిపోయింది.

ఒకే దీవి సమూహంలో ఒక అంచు లేచి, ఇంకో అంచు ఎందుకు కుంగింది? పలకలు బిగుసుకుని ఉన్నంత కాలం పైపలక అంచు కిందికి లాగబడుతుంది, దాని వెనక భాగం కొద్దిగా ఉబ్బుతుంది. బిగువు వదలగానే అంచు ఎగిరి లేస్తుంది, వెనకున్న ఉబ్బు పడిపోతుంది. ఆ తర్వాత వందల ఏళ్ళు మళ్ళీ నిదానంగా బిగుసుకుంటూ వస్తుంది. లేచిన దానిలో చాలా భాగం అలా బిగుసుకునే కాలంలో తిరిగి దిగిపోతుంది, కొంచెం మాత్రం మిగులుతుంది. ఆ మిగిలిన కొంచెమే, లెక్కలేనన్ని భూకంపాల మీద కూడుకుంటూ వచ్చి పర్వతమవుతుంది. పర్వతం పుట్టడం అంటే ఎప్పుడో జరిగిపోయిన కథ అనుకుంటాం. అండమాన్‌లో అది మన కళ్ళముందు ఒక అడుగు వేసింది, ఆ అడుగు వేలాది ప్రాణాలు తీసింది. ఇది పాఠంగా చెప్పేటప్పుడు ఎప్పుడూ నా గొంతు ఒకలా ఉండదు.

ఇంకొకటి. భారత పలక అండమాన్ వైపు నేరుగా కాకుండా పక్కవాటుగా వస్తోంది. అందువల్ల నొక్కుడుతో పాటు పక్కకు జారుడు కూడా ఉంది. ఆ జారుడు వల్లే గత 40 లక్షల ఏళ్ళలో అండమాన్ సముద్రం నడుమ కొత్త అడుగు తెరుచుకుంది. ఉత్తరాన మయన్మార్‌లో సాగాయింగ్ విరుగుడు ఆ జారుడుకు కొనసాగింపే. 2025 మార్చి 28న మాండలే దగ్గర వచ్చిన 7.7 తీవ్రత భూకంపం దాని మీదే.

ఇప్పుడు ఇంద్రకీలాద్రి

విజయవాడ, ఉండవల్లి, మంగళగిరి కొండలు తూర్పు కనుమల రాళ్ళు. ఇక్కడ ఎక్కువగా ఖోండలైట్, చార్నొకైట్ అనే రెండు రకాలు కనిపిస్తాయి. ఖోండలైట్‌ను దగ్గరగా చూడండి. ఎర్రగా గోమేధికపు గింజల్లాంటివి ఉంటాయి, అవి గార్నెట్. తెల్లగా పీచులా ఉండేది సిల్లిమనైట్. అక్కడక్కడ నల్లగా మెరిసే గ్రాఫైట్ రేకులు.

ఈ ఖనిజాలు చెప్పేదేమిటంటే, ఖోండలైట్ కూడా మొదట్లో బురదే. అల్యూమినియం ఎక్కువున్న బంకమట్టి ఎక్కడో నీటి అడుగున పేరుకుంది. కానీ అది అండమాన్ బురదలా పైపైన నలిగి ఆగిపోలేదు. పర్వతాలు పుట్టే క్రమంలో భూమి లోపలికి పోయింది. సుమారు 25 కిలోమీటర్ల లోతు, 900 డిగ్రీలకు పైబడిన వేడి. మన వైపు, అంటే ఒంగోలు నుంచి గోదావరి దాకా ఉన్న తూర్పు కనుమల భాగంలో ఇది సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట జరిగింది. గోదావరి దాటి విశాఖ వైపు వెళ్తే అక్కడి రాళ్ళలో ప్రధాన ఘట్టం సుమారు 95 కోట్ల ఏళ్ళ కిందటిది. అంటే ఒకే కనుమల్లా కనిపించే వాటిలో రెండు వేర్వేరు కథలున్నాయి.

అంత వేడిలో రాయి విరగదు, పాకంలా సాగుతుంది. కొంత భాగం కరిగిపోతుంది కూడా. మీ అమ్మాయి చూసిన తెల్ల చారలు చాలావరకు అలా కరిగి గడ్డకట్టిన క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. కాబట్టి అవి ఇసుక, బురద పేరుకున్న పొరలని అనుకోకండి. పాత పొరలు ఎప్పుడో చెరిగిపోయాయి. నొక్కుడులో ఖనిజాలు వరసల్లోకి సర్దుకోవడం వల్ల వచ్చిన చారలవి. తర్వాత ఆ చారలే మళ్ళీ మళ్ళీ మడతపడ్డాయి. అండమాన్‌లో ఎదుటివాళ్ళకు చూపించి "ఇదిగో ఇది పైవైపు" అని చెప్పిన పద్ధతులేవీ ఇక్కడ పనికిరావు.

మరి పాతిక కిలోమీటర్ల లోతున ఉన్న రాయి దుర్గమ్మ గుడి మెట్ల పక్కకు ఎలా వచ్చింది? పైనున్న పాతిక కిలోమీటర్లూ అరిగిపోయాయి. వాన, ఏరులు, గాలి కోట్ల ఏళ్ళు పనిచేసి పర్వతాన్ని దాని వేళ్ళ దాకా కోసేశాయి. మనం ఇప్పుడు కొండ అంటున్నది ఆ మహాపర్వతపు అడుగుభాగం. మీరు కార్బిన్స్ కోవ్‌లో చూసింది పుడుతున్న పర్వతం నుదురు, ఇంటి దగ్గర చూస్తున్నది చచ్చిపోయిన పర్వతం పాదం. మధ్యలో ఉండాల్సినవి చూడాలంటే హిమాలయాలకు వెళ్ళాలి.

పక్కనే కొండపల్లిలో ఇంకో విశేషం ఉంది. అక్కడ భూమి లోపల కరిగిన రాయి (మాగ్మా) పొరలు పొరలుగా గడ్డకట్టి, తర్వాత తూర్పు కనుమలతో పాటు నలిగింది. అందులో క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం ఉంది. అండమాన్ రట్లాండ్ దీవిలోనూ క్రోమైట్ ఉంది. ఖనిజం ఒకటే కదా అని పుట్టుక ఒకటే అనుకోకూడదు. కొండపల్లిది ఖండం కింద మాగ్మా అడుగున పొరగా కూర్చున్నది. రట్లాండ్‌ది సముద్రపు అడుగు కింద మాంటిల్‌లో గడ్డలుగా ఏర్పడినది.

ఇంటి దగ్గర ఈ సంగతి ఎందుకు పనికొస్తుంది?

మీరు అడగలేదు గానీ చెప్పాలి. కొండవాలు మీద ఇళ్ళు కట్టుకునే ఊరు మనది. 2024 ఆగస్టు 31న కుండపోత వానలకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. ఖోండలైట్ చారల వెంట మెత్తబడి మట్టిగా మారుతుంది. ఆ చారలు కొండలోపలికి వాలి ఉంటే కొంత నయం. అవి వీధి వైపు, ఇళ్ళ వైపు వాలి ఉంటే మాత్రం వాన నీరు వాటి వెంట దిగి, పైనున్న దిమ్మను జారుస్తుంది. అడ్డంగా పగుళ్ళు కూడా తోడైతే ఇక అడ్డు ఉండదు. ఇంటి వెనక కొండను నిలువుగా చెక్కించేవాళ్ళు చాలామంది ఈ వాలు ఎటుందో చూడరు. నన్ను అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్తాను: చారల వాలు ఇంటివైపు ఉంటే చెక్కొద్దు, ఇప్పటికే చెక్కి ఉంటే వానాకాలం ముందు ఇంజనీర్‌కు చూపించండి. పై నుంచి వచ్చే నీటిని పక్కకు మళ్ళించే కాలువ తప్పనిసరి. కొత్తగా పగుళ్ళు కనిపించినా, చిన్న రాళ్ళు రాలుతున్నా ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు.

మళ్ళీ వెళ్తే

కార్బిన్స్ కోవ్ రాళ్ళు పోటు బాగా తగ్గిన వేళ చూడండి. ముందు రోజే పోటు వేళలు తెలుసుకోండి, ఎందుకంటే నీరు తిరిగి వచ్చేటప్పుడు రాళ్ళ మీద నాచు జారుతుంది. సుత్తి తీసుకెళ్ళొద్దు. పగడాలు, గవ్వలు ఏరి తెచ్చుకోవడం అక్కడ నేరం. ఫోన్‌లో దిక్సూచి, వాలు కొలిచే యాప్ ఉంటే చాలు. పొర ఎటు సాగుతోంది, ఎటు ఎంత వాలి ఉంది, ఈ రెండూ రాసుకుంటూ వంపుకు ఒక పక్క నుంచి రెండో పక్కకు నడవండి. అంకెలు మారే తీరులోనే వంపు ఆకారం తెలిసిపోతుంది. బారాటాంగ్ దారి జరవా ఆదివాసుల అడవిలోంచి పోతుంది, అక్కడ బండి ఆపడం, ఫొటోలు తీయడం నిషేధం. రాళ్ళ కోసమైనా ఆ నియమం దాటొద్దు.

మీ ఫొటోల్లో రెండోది, నిలువుగా నిలబడ్డ పొరలది, చూసి నేను ఒక మాట గట్టిగా చెప్పలేకపోయాను. పక్కన కొలతకు ఏమీ లేదు, పైగా అడుగు ముఖం నీడలో ఉంది. అదే చోట తీసిన వేరే ఫొటో ఉంటే, ముఖ్యంగా ఇసుకరాయి ముఖం మీద ఉబ్బెత్తు గుర్తులు కనిపించేది ఉంటే, ఇక్కడే పెట్టండి. ఉత్తరం ఎటో కూడా రాయండి. పొర తిరగబడిందో లేదో, ఆ వంపు ఏ రకమో మీ అమ్మాయినే ముందు చెప్పమనండి, తర్వాత నేను చూస్తాను.